మూడో నంబరు జీపు

కలిచేడు దాటి వాగు గట్టెక్కేచోట
ఠప్పుమంది.
తుపాకీ పేలిందన్నాడు గోతాల మీద కూర్చున్న రవణయ్య.
కాదు. ముందు ఎడమ చక్రం ఇక లాగదు,
ఊరికే వెంట వస్తుంది, అంతే.

పన్నెండు బస్తాల నిమ్మకాయలు.
గూడూరు మార్కెట్లో పదకొండుకి పాట అయిపోతుంది.
రెండు ఆటోలు మాట్లాడి పంపించాం,
మిగిలింది నేనూ, జీపూ,
ఇంటికి నడవనని మొండికేసిన చెంగమ్మత్తా.

సైదాపురం నుంచి సిలార్ మోపెడ్ మీద వచ్చాడు.
వెనక మేనకోడలు జరీనా, ఒళ్ళో జాకీ.
పలకరింపుల్లేవు. వచ్చీరాగానే బండి కింద పడుకుంటాడు,
ఎవరితోనన్నా మాట్లాడితే ఆ తరవాతే.

చక్రం ఊడింది. హబ్బు ఊడింది.
విప్పిన వరస తప్పకుండా
ఒక్కో బేరింగూ, ఒక్కో వాచరూ
తువ్వాలు మీద పేరుస్తోంది జరీనా.
షాఫ్టు లాగితే సగమే వచ్చింది.
రెండో సగం గొట్టం లోపల
గేరాయిల్లో, చీకట్లో.

దానికో పనిముట్టుంది సిలార్ దగ్గర:
తిరునాళ్ళలో పాడైన మైకుసెట్టు అయస్కాంతం
వెదురుబద్దకి బిగించి.
మూడుసార్లు గొట్టం గోడకే అతుక్కుంది, తిట్టాడు.
నాలుగోసారి లోపల టిక్కుమంది.
ఊపిరి బిగబట్టి లాగాడు.

విరిగిన ముఖం ఎండకి తిప్పి చూపించాడు.
సగం నలుపు, తుప్పు రంగు.
సగం ఇప్పుడే కోసిన గుమ్మడికాయంత కొత్త.
"ఇది ఇయ్యాళ ఇరగలా అబ్బయ్యా.
ఎప్పుడో ఎంట్రుకంత చీలింది.
నువ్వు తోలతానే ఉండావు,
అది ఇరగతానే ఉండాది."

ఎప్పుడని నేనడగలేదు.
రాపూరు కాడ బురదలో
స్టీరింగు పూర్తిగా ఒంచి, లో గేరులో
కోపంగా తొక్కిన తొక్కుడు
నా కాలికింకా గుర్తుంది.

పళ్ళెంలోకి కారిన ఆయిల్లో తళుకులు.
అభ్రకమేమో అన్నాను, ఈ నేలంతా అదే కదా.
చెంగమ్మత్త వేలు ముంచి
బొటనవేలితో నలిపింది.
ఇరవయ్యేళ్ళు కంపెనీ షెడ్డులో
కత్తితో రేకులు చీల్చిన వేళ్ళు.
"అభ్రకమైతే జారతాది. ఇది గీరతా ఉండాది. ఇనుము."
సిలార్ తల ఊపాడు,
తోటి మేస్త్రీకి ఊపినట్టు.

మర్నాడు నాయుడుపేట పాత ఇనప కొట్టులో
షాఫ్టు దొరికింది. తీసిన గొట్టం మీద
పచ్చ రంగు అంకె, సగం చెరిగి: నాలుగు.
కంపెనీ వేలం వేసిన బండే. నాది మూడు.
సిలార్ ఊరికే చెప్పాడు ఆ మాట.
చెంగమ్మత్త చెక్కు తీసే చేత్తోనే ఆగింది.
గనిలోకి నీళ్ళు దూకిన రాత్రి
మామని పైకి తెచ్చింది నాలుగో నంబరులో.

దగ్గరికొచ్చి అరచేతిలో తూచింది.
"ఇంతేనా? ఇంత సన్నందా
అందర్నీ మోసింది?"

"మోసేది ఇది కాదు పిన్నీ,
మోసేది పై గొట్టం. ఇది తిప్పుద్ది, అంతే."

"మోసేది ఇరగదా?"

సిలార్ పలకలేదు.
వేలితో గ్రీజు తీసి
బేరింగు సందుల్లోకి కూరుతూ కూర్చున్నాడు
చాలాసేపు, అవసరమైన దానికన్నా ఎక్కువసేపు.

సాయంత్రం అదే గట్టు.
చిన్న లీవరు ముందుకి నెట్టాను.
నాలుగు చక్రాలూ ఒకేసారి
మట్టిని పట్టుకున్న చప్పుడు
సీటులోంచి నడుముకి తెలిసింది.
ఈసారి మెల్లగా తొక్కాను.

విరిగిన ముక్క పారెయ్యలేదు.
ఎగువలో బండి ఆపినప్పుడు
వెనక చక్రం కింద పెడతా, రాయికి బదులు.
గుండ్రటిదే గానీ కొసన కొమ్ములున్నాయి,
దొర్లదు.

చెంగమ్మత్త ఆ రోజు నుంచి
గోతాల మీద కూర్చోదు.
ముందు సీటే. ఎడమ పక్క.